గంతలమ్మ

ఆ వానాకాలమంతా మా అక్క నాకు ఎదురుగా కూర్చుని అన్నం తినలేదు.

కోపం వచ్చి కాదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాకు జడలు వేసి, పలక తుడిచి, బడికి పంపి పెంచింది అక్క. నా మొహం చూసి ఒంట్లో నలతగా ఉందో, బళ్ళో దెబ్బలు తిన్నానో ఇట్టే చెప్పేసేది. అందుకే ఎదురు కుర్చీ వద్దంది. ఆ కాలమంతా నా కడుపులో ఒక మాట ఉంది. అది అక్కకు తెలియకూడదు.

అక్కది గెలాక్సీల దూరాలు కొలిచే పని. ఒక్కో గెలాక్సీ ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా మననుంచి తప్పుకుపోతోందో చూసి, వేగాన్ని దూరంతో భాగిస్తారు. వచ్చిన అంకెను బట్టి విశ్వం ఏ రేటున సాగుతోందో తెలుస్తుంది. చాలా ఏళ్ళ కిందట అక్కవాళ్ళ బృందానికి ఆ అంకె డెబ్భై మూడు వచ్చింది. బావది వేరే బృందం. వాళ్ళు గెలాక్సీల జోలికి పోరు. విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు ఇప్పటికీ ఆకాశమంతా పలచగా పరుచుకుని ఉంది. దాని మీది మచ్చలను కొలిచి, విశ్వం ఇలా పెరిగి ఉంటుందని అందరూ ఒప్పుకున్న నమూనాలో వేసి లెక్క కడతారు. వాళ్ళకి అరవై ఏడున్నర వస్తుంది. నమూనా సరైనదైతే రెండు అంకెలూ ఒకటే కావాలి. కాలేదు. అంటే నమూనాలో ఏదో ఒకటి తక్కువై ఉండాలి, లేదంటే ఎవరో ఒకరి కొలత తప్పయి ఉండాలి. తప్పు అక్కవాళ్ళదేనని చాలామంది అనుకునేవారు. పైకి మాత్రం మర్యాదగా, చూద్దాం చూద్దాం అనేవారు.

మా ఇంట్లో ఆ మర్యాద లేదు. బావ అన్నం కలుపుకుంటూ, "మీ అక్క పట్టిన కుందేలుకి డెబ్భై మూడు కాళ్ళు మరదలా" అనేవాడు.

"నేను కుందేలునన్నా పట్టాను. నువ్వు దాని అమ్మమ్మ ఫోటో చూసి మనవరాలికి ఎన్ని కాళ్ళో చెప్తావు" అనేది అక్క.

అమ్మమ్మ ఫోటోలో చిన్న మచ్చ కూడా వదలకుండా కొలిచామని బావ, ఫోటోకీ మనవరాలికీ మధ్య ఏం జరిగిందో నీకేం తెలుసని అక్క. చెయ్యి ఎండిపోయేదాకా వాదించుకునేవారు. పెళ్ళయి అన్నేళ్ళయినా వాళ్ళకి వేరే గొడవ ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. ఉన్న గొడవలన్నీ ఆ రెండంకెల మధ్యే ఇమిడిపోయేవేమో.

నాకు పెద్ద చదువు లేదు. ఊళ్ళో బడి, ఆ తర్వాత టౌనులో డిగ్రీ. అక్క దగ్గరికి వచ్చాక వాళ్ళ ఆఫీసులోనే పనికి కుదిరాను. టెలిస్కోపు పంపిన బొమ్మలను ఒక్కొక్కటే తెరిచి చూడటం నా పని. వెలుగు పెరిగి తగ్గే కొన్ని నక్షత్రాలున్నాయి. ఆ పెరిగి తగ్గడానికి ఎంత కాలం పడుతుందో తెలిస్తే అవి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పొచ్చు. కానీ గెలాక్సీలో అవి పక్క నక్షత్రాలతో కలిసి గుంపుగా ఉంటాయి. ఏది విడిగా కనిపిస్తోందో, ఏది పక్కదాని వెలుగుతో కలిసిపోయిందో నేను చూసి గుర్తు పెట్టాలి. కొత్తలో ఏమని రాయాలో తెలియక, చెరువు నీళ్ళకి మా ఊళ్ళో అనేటట్టు తేట, మసక, బురద అని రాశాను. తేట అంటే ఉంచాలి. మసక అంటే ఉంచి, తక్కువ లెక్కలోకి తీసుకోవాలి. బురద అంటే తీసెయ్యాలి. నవ్వుతారనుకున్నాను. నవ్వారు, తర్వాత ఆ మాటలే ప్రోగ్రాములోకి ఎక్కించారు.

ఆ ఏడాది అక్కవాళ్ళు పాత కొలతలన్నీ పక్కన పెట్టి, కొత్త బొమ్మలతో మళ్ళీ మొదట్నుంచి కొలిచారు. పాత అంకె తప్పో ఒప్పో ఈ దెబ్బతో తేలిపోవాలి. వానలు మొదలై కొండమీద టెలిస్కోపు గుమ్మటం మూసేసిన రోజుల్లో, బృందానికి పెద్దదిక్కయిన ఆయన అందరినీ పిలిచారు. మేమంతా ఆయన్ని పెద్దాయన అనే అంటాం.

"మనకి కావలసిన అంకె వచ్చేదాకా తప్పులు వెతుకుతాం. వచ్చాక వెతకడం మానేస్తాం. మనుషులం కదా. ఈసారి కళ్ళకి గంతలు కట్టుకుని లెక్క చేద్దాం" అన్నారు.

గంతలంటే గుడ్డ కాదు. లెక్కలో ఎక్కడో ఒక చోట, బృందంలో ఎవరికీ తెలియని ఒక అంకెను కలిపేస్తారు. దాంతో ఆఖరి సమాధానం కొంచెం పక్కకు జరిగి కనిపిస్తుంది. ఎటు జరిగిందో, ఎంత జరిగిందో తెలియదు కనక ఎవరూ తమకిష్టమైన వైపు లెక్కను తోయలేరు. తప్పులన్నీ దిద్దడం అయిపోయాక, ఇక ఏదీ ముట్టుకోమని అందరూ మాట ఇచ్చాక, ఆ అంకెను తీసేసి అసలుది చూస్తారు.

ఆ అంకెను దాచుకునే మనిషిగా నన్ను ఎంచారు. ఆఖరి లెక్క నేను చెయ్యను కనక పరవాలేదన్నారు. పెద్దాయన మాత్రం ఇంకో కారణం చెప్పారు. "ఈ అమ్మాయి నోట్లో నువ్వుగింజ వేస్తే మొలకెత్తుతుందే గానీ బయటికి రాదు."

ప్రోగ్రాం రాసినతను ఎప్పుడూ గళ్ళ చొక్కాలే వేసుకుంటాడు. గళ్ళచొక్కా అంటే ఆఫీసంతటికీ తెలుసు. అతను కంప్యూటరు నా ముందుకు తిప్పి, నూటికి ఇంత అని ఒక అంకె కొట్టమన్నాడు. పదికి మించకూడదు, పెంచినా సరే, తగ్గించినా సరే. అది దేనికి కలుస్తుందో ప్రోగ్రామే చూసుకుంటుందన్నాడు. అందరూ వరండాలోకి వెళ్ళి వాన చూస్తూ నిలబడ్డారు. నాకు ఏ అంకే తోచలేదు. మా ఇంట్లో భోజనాల బల్లకి నాలుగు కుర్చీలున్నాయి. నూటికి నాలుగు పెంచమని కొట్టాను.

దేనికి పెంచుతుందని అడగలేదు. అడగకపోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

ఆ రోజునుంచి గళ్ళచొక్కా నేను ఎదురుపడితే చాలు చేతులు జోడించి, "గంతలమ్మ తల్లీ, చల్లగా చూడు" అనేవాడు. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. సాయంత్రం అక్క బల్లను కిటికీ పక్కకు జరిపి, తన కుర్చీని తెచ్చి నా పక్కన వేసుకుంది. ఇద్దరం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. బావ బల్ల చివర కూర్చున్నాడు.

"ఇదేంటి, బస్సులో కూర్చున్నట్టు?" అన్నాడు బావ.

"దాని మొహం నాకు అచ్చు పుస్తకం. తెరిచి ఉంటే చదవకుండా ఉండలేను" అంది అక్క.

"నేను చదవచ్చా మరి?"

"నీకు ఆ లిపి రాదులే."

కొన్నాళ్ళకి మొదటి అంకె వచ్చింది. బోర్డు మీద గళ్ళచొక్కా రాశాడు, డెబ్భై పాయింట్ రెండు. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. అక్క డెబ్భై మూడుకీ బావ అరవై ఏడున్నరకీ సరిగ్గా మధ్యన కూర్చుంది అది. "గోడమీద పిల్లి. ఎటు దూకుతుందో" అన్నారు పెద్దాయన.

నా మనసు నా మాట వినలేదు. లెక్క దానంతటదే జరిగిపోయింది. నూటికి నాలుగు ఎక్కువ కలిపితే డెబ్భై పాయింట్ రెండు అయిందంటే, అసలుది అరవై ఏడున్నర. బావ అంకె. పిల్లి ఎటు దూకుతుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. అక్క బోర్డు ముందు నిలబడి, పెన్ను మూత పెట్టుకుంటూ, ఇంకా వెతకాల్సిన తప్పుల గురించి చెబుతోంది. ఆమె జడ చివర వానలో తడిసి జాకెట్టుకి అంటుకుని ఉంది. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చుని, ఏ బొమ్మ తెరిచానో తెలియకుండా ఒకటి తెరిచాను.

ఆ సాయంత్రం అన్నం సయించలేదు. బయట చీకటి పడుతోంది. దీపం వెలుగులో బల్ల, గిన్నెలు, చివర కూర్చున్న బావ కిటికీ అద్దంలో కనిపిస్తున్నారు. వాన చినుకులు ఆయన బుగ్గల మీదుగా జారుతున్నాయి. ఆయన ఎప్పటిలాగే కుందేలు ఊసు ఎత్తాడు. నేను అద్దంలోంచి ఆయన్ని చూస్తూ, ఈయనకి తెలిస్తే సంతోషిస్తాడా బాధపడతాడా అనుకున్నాను. అక్క పెరుగు గిన్నె అందుకుని, నాకు ముందు వేసి, తర్వాత తను వేసుకుంది.

అప్పట్నుంచి అక్క మెత్తబడింది. అరిచేది కాదు. బావ కవ్వించినా నవ్వి ఊరుకునేది. ఒక రోజు, మీ లెక్క మొదట్నుంచీ ఒకసారి చూపించమని బావని అడిగింది. బావ అనుమానంగా చూశాడు. "తప్పు పట్టడానికా?" అన్నాడు.

"కాదు. నేర్చుకోవడానికి" అంది.

ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ మీద బావ కాగితాల కట్ట వచ్చి కూర్చుంది. భోజనాలయ్యాక ఇద్దరూ తలలు వంచుకుని దాంట్లో దూరేవారు. నేను గిన్నెలు కడుగుతూ వినేదాన్ని. ఇక్కడ ఇదెలా వచ్చిందని అక్క అడిగేది, బావ ఓపికగా చెప్పేవాడు. ఒకటి రెండు చోట్ల ఆయనే తడబడితే అక్క సర్దేది. ఇంట్లో ఆ ప్రశాంతత చూసి నాకు భయం వేసింది. పదేళ్ళుగా కొట్లాడుకున్న మనుషులు ఒక్కసారి మంచిగా మాట్లాడుకుంటుంటే, లోపల ఎవరికో బాగాలేదనిపించదూ? గంతలు కట్టుకున్న మనిషి పట్టుదల కూడా తగ్గించుకుని నిమ్మళంగా ఉందని సర్దిచెప్పుకున్నాను.

గుమ్మటం మూసే ముందు తీసిన ఆఖరి బొమ్మలు కొన్ని ఆలస్యంగా చేరాయి. అందులో ఒక గెలాక్సీ అక్కవాళ్ళకి ముందునుంచీ తలనొప్పి. గళ్ళచొక్కా బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. దాన్ని ఉంచితే అంకె ఉన్నచోటే ఉంటుంది, తీసేస్తే డెబ్భై ఒకటికి ఎక్కుతుంది. ఉంచాలా వద్దా అన్నది బొమ్మ ఎంత శుభ్రంగా ఉందన్న దాని మీద ఉంది. అది చెప్పాల్సింది నేను.

దాచిన అంకె తెలిసిన మనిషి ఈ పని చెయ్యకూడదని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. మింగలేక కక్కలేక బొమ్మ తెరిచాను.

పగలే గదిలో దీపం వెలుగుతోంది. కప్పు కారుతున్న చోట ఎవరో బకెట్టు పెట్టారు. నీటిచుక్క పడినప్పుడల్లా చిన్న చప్పుడు. బొమ్మలో నక్షత్రాలు ఇసుక పోసినట్టున్నాయి. ఒక్కొక్కదాన్ని దగ్గరికి లాగి చూశాను. కొన్ని విడిగానే ఉన్నాయి. కొన్ని పక్కవాటి భుజాల మీద చేతులు వేసుకున్నాయి. బురద అని ఒక్క మాట రాస్తే పిల్లి కాస్తయినా అక్క వైపు జరుగుతుంది. ఎవరూ నన్ను అడగరు. నా కంటి మీద వాళ్ళకి అంత నమ్మకం.

అక్క గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా గోడ వైపు చూస్తూ నిలబడింది.

"అయిందా?"

"చూస్తున్నా అక్కా."

"తొందరేం లేదు. కనిపించినట్టు రాయి. అంతే."

ఆమె చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినబడింది. నేను ఇంకోసారి మొదట్నుంచీ చూశాను. మసక అని రాశాను. అది మసకే.

ఆ వారం తప్పులు వెతకడం పూర్తయింది. ఆ గెలాక్సీ ఉండిపోయింది. గోడమీద పిల్లి కదల్లేదు. ఇక ఏదీ ముట్టుకోమని అందరూ ఒక్కొక్కరే అన్నారు. అక్క అందరికన్నా ముందు అంది. మర్నాడు ఇంట్లో, సమాధానం ఎలా వచ్చినా తన పేరుతోనే అచ్చు వేయిస్తానని, పాత అంకె తప్పయితే తప్పని మొదటి వాక్యంలోనే రాస్తానని బావకి చెప్పింది. బావ నవ్వలేదు. లేచి వెళ్ళి ఆమెకి టీ పెట్టి తెచ్చాడు.

గంతలు విప్పే రోజు వాన తెరిపిచ్చింది. గదిలో కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. పెద్దాయన నన్ను ముందుకి పిలిచారు. గళ్ళచొక్కా ఈసారి దణ్ణం పెట్టలేదు. చేతులు చల్లగా ఉన్నాయని రుద్దుకుంటున్నాడు. నా అంకెను నేనే కొట్టి, మీట నొక్కాను. తెర మీద గీత ఒకటి పక్కకి జరిగింది. జరగాల్సిన వైపు కాదు.

డెబ్భై మూడు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు ఆ చప్పుడేదీ చెవికెక్కలేదు. నా వల్ల ఎక్కడో తప్పు జరిగిందనుకున్నాను. జీవితంలో మొదటిసారి, అంతమంది మధ్య, అడిగాను.

"నేను నూటికి నాలుగు పెంచమన్నాను కదా. తీసేస్తే తగ్గాలి కదా?"

గళ్ళచొక్కా నా వైపు తిరిగాడు. "రేటుకి కాదు గంతలమ్మా, దూరాలకి పెంచాను. వేగాన్ని దూరంతో కదా భాగిస్తాం. దూరం పెరిగితే రేటు తగ్గి కనిపిస్తుంది. ఇప్పుడు అసలు దూరాలు వచ్చేశాయి, రేటు పెరిగింది." అని, ఆగి, "నువ్వేమనుకున్నావు?" అన్నాడు.

నేను అక్క కోసం చూశాను. గది అవతలి గోడ దగ్గర అక్క నిలబడి ఉంది. అందరూ ఆమె చేతులు పట్టుకుని ఊపుతున్నారు. ఆమె వాళ్ళ భుజాల మీదుగా తిన్నగా నా మొహంలోకి చూస్తోంది. ఆ చూపులో సంతోషం కన్నా ముందు ఇంకేదో ఉంది. మా ఊళ్ళో, నేను తప్పిపోయాననుకుని వెతికి వెతికి, నేను గడ్డివాము వెనక నిద్రపోతుంటే చూసిన రోజు అలా చూసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క నా కుర్చీని కిటికీ వైపుకి మార్చి, తన కుర్చీకి ఎదురుగా వేసి ఉంచింది. బావ కూరగిన్నె మధ్యలో పెట్టి, తనూ కూర్చున్నాడు. అక్కే మొదలుపెట్టింది.

"అరవై ఏడున్నర అనుకున్నావు కదూ. అన్నాళ్ళూ."

తల ఊపాను. "నీకెలా తెలుసు?"

ఆమె వేలితో నా వెనక కిటికీని చూపించింది. తిరిగి చూశాను. చీకటి పడిన అద్దంలో ముగ్గురం, గిన్నెలు, దీపం. అక్క పక్కన కూర్చున్న రోజుల్లో, నేను బావని చూసిన అద్దంలోనే నేనూ ఉన్నాను. ఆకాశాన్ని అద్దాల్లో పట్టి చూసే మనుషుల ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

"మొదటి అంకె వచ్చిన రోజే చూశాను" అంది అక్క. "చూడాలని కాదు. తలెత్తితే కనబడ్డావు. అమ్మ పోయిన రోజు మొహం పెట్టుకుని అన్నం కెలుకుతున్నావు. ఇంకేం కావాలి నాకు. ఓడిపోయానని తెలిసిపోయింది."

బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అంటే నా లెక్క నేర్చుకుంటానని కూర్చున్నది..."

"నీదే నిజమైతే అది బాగా తెలుసుకోవాలి కదా. లేకపోతే నా తప్పు ఎక్కడుందో ఎలా దొరుకుతుంది?" అంది అక్క. "తీరా చూస్తే నీ లెక్కలోనూ తప్పు దొరకలేదు. ఇప్పుడు నాదీ నిలబడింది."

తను ఓడిపోయాననుకుంటూనే ఆమె అన్ని తప్పులూ దిద్దింది. ఓడిపోయాననుకుంటూనే, ఇక ముట్టుకోనని అందరికన్నా ముందు మాట ఇచ్చింది. ఆ సంగతి నాకు అన్నం ముందు కూర్చున్నాక, నెమ్మదిగా అర్థమైంది.

గంత జారిందని పెద్దాయనకి చెప్పేశానంది అక్క. తప్పుగా చూసినా చూసినట్టేనని, అచ్చు వేసేటప్పుడు ఆ మాట కూడా ఒక వాక్యం రాయమన్నారట. బావ ఎడంచేత్తో గాల్లో రాస్తూ చదివాడు. "మరదలి మొహం వల్ల కలిగిన దోషం. పరిమాణం తెలియదు. ప్లస్సు మైనస్సు గుర్తు మాత్రం తలకిందులు."

అక్క నవ్వింది. ఆ నవ్వు ఆగాక మళ్ళీ కొట్లాట మొదలవుతుందనుకున్నాను. మొదలవలేదు. రెండు కొలతలూ నిలబడితే నమూనాలో తక్కువైనదేమిటో ఎక్కడ వెతకాలని బావ అడిగాడు. నాలుగో కుర్చీ మీది కాగితాల వైపు అక్క చూసింది. రేపట్నుంచి ఇద్దరం కలిసి చూద్దామంది. ఆ కాగితాలు ఆ కుర్చీ మీదనుంచి ఇప్పటికీ దిగలేదు.

బావ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అక్క ముందుకి వంగి నా మొహంలోకి చూసింది. తప్పించుకోవడానికి ఇక కిటికీ కూడా లేదు, అది నా వెనక ఉంది.

"ఆ ఆఖరి బొమ్మకి బురద అని రాయాలనిపించింది కదా?" అంది, బావకి వినబడనంత మెల్లగా.

నేను కళ్ళు దించుకోలేదు. "అనిపించింది."

అక్క గరిటెతో కూర తీసి నా కంచంలో వేసింది.

"తిను. సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో."